గేటుకు డాక్టర్ బోర్డు ఉంది, రిజిస్ట్రేషన్ లేదు

ప్రశ్న

ఖమ్మం జిల్లా నుంచి 26 ఏళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రమే ఇస్తున్నాను.

2018లో నీట్ క్వాలిఫై అయ్యారు కానీ ఇక్కడ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఒక కన్సల్టెన్సీ ద్వారా కిర్గిజ్‌స్థాన్‌లోని బిష్కెక్ వెళ్లి ఆరేళ్ల వైద్య కోర్సులో చేరారు. కరోనా రోజుల్లో ఇంటికొచ్చి ఏడాదికి పైగా ఆన్‌లైన్‌లో క్లాసులు విన్నారు. 2024లో డిగ్రీతో తిరిగొచ్చారు. విదేశాల్లో వైద్యం చదివినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే పాస్ కావాల్సిన స్క్రీనింగ్ పరీక్ష ఎఫ్‌ఎంజీఈ. అప్పటి నుంచి దాన్ని మూడుసార్లు రాశారు. వరసగా 128, 141, 133 వచ్చాయి. పాస్ కావాలంటే 300కి 150 రావాలి.

నాన్నగారు ఆర్టీసీ డ్రైవర్, ఇంకో రెండేళ్లలో రిటైర్ అవుతారు. చదువు కోసం రెండెకరాలు అమ్మారు. చాలనిదానికి ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు లోన్ తీసుకున్నారు. ఈఎంఐలు మొదలయ్యాయి. తాతయ్య ముచ్చటపడి గేటుకు మనవరాలి పేరుతో డాక్టర్ బోర్డు పెట్టించారు. వీధిలోవాళ్లు షుగర్ రిపోర్టులు పట్టుకుని వస్తుంటే ఈ అమ్మాయి లోపలి గదిలోకి వెళ్లిపోతున్నారు.

దగ్గరి టౌన్‌లో నర్సింగ్ హోమ్ నడిపే ఆయన నెలకు 25 వేలిస్తాను, నైట్ డ్యూటీ డాక్టర్‌గా రమ్మంటున్నాడు. "కేస్ షీట్ మీద సంతకం నాది, నీకేం భయం? ఫారిన్‌లో చదివొచ్చినవాళ్లంతా చేసేది ఇదే" అంటున్నాడు. ఈ వారంలో ఏదో ఒకటి చెప్పాలట. ఇంతలో బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అబ్బాయి సంబంధం వచ్చింది. డాక్టర్ పిల్ల అని అటువైపు వాళ్లకు మహా సంతోషం. పరీక్ష సంగతి ఇప్పుడే ఎత్తొద్దని అమ్మ అంటున్నారు. బాబాయి తన కొడుకును అదే యూనివర్సిటీకి పంపాలని చూస్తున్నారు, బాగుందని చెప్పమని నాన్న అంటున్నారు.

"ఇక్కడ మేనేజ్‌మెంట్ సీటు కొనుక్కుని చదివిన నా ఫ్రెండ్‌కు ఈ పరీక్షే లేదు. నాకెందుకు? ఇంకోసారి రాయనా, వదిలేయనా? ఒక్కోసారి రాత్రి పడుకుని పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది" అని ఉత్తరం ముగించారు.

సమాధానం

మీ ఆఖరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను. అది ఏదో మాటవరసకు రాసిందని అనుకోను. ఆ ఆలోచన తరచూ వస్తున్నా, చచ్చిపోవాలన్న దారిలోకి వెళ్తున్నా, ఈ ఉత్తరం చదవడం ఆపి 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఒక్కరికైనా ఈ మాట చెప్పండి. మీ ఉత్తరంలో తాతయ్య గురించి రాసినప్పుడు మాత్రమే కోపం కనిపించలేదు. ఆయనకు చెప్పగలరేమో చూడండి. మిగతావన్నీ తర్వాత.

ఇక నైట్ డ్యూటీ. వారం గడువు పెట్టారు కాబట్టి ముందు దీన్ని తేల్చుకుందాం. 25 వేలంటే మీ ఇంట్లో చిన్న మొత్తం కాదు, ఈఎంఐకి ఆసరా అవుతుంది. ఆ ఆశను నేను తక్కువ చేయను. కానీ రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సంతకం ఆయనదైతే మీకేమీ కాదన్నది ఆయన లెక్క. రాత్రి రెండింటికి గుండె నొప్పితో ఒక మనిషిని తీసుకొస్తే ఆయన ఇంట్లో నిద్రపోతుంటాడు. చూసేది మీరు, ఇంజెక్షన్ చెప్పేది మీరు. ఏదైనా జరగరానిది జరిగితే, ఈ అమ్మాయి డాక్టర్నని చెప్పి చేరిందని మొదట చెప్పేది కూడా ఆయనే. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ వాళ్లు కొంతకాలంగా అర్హత లేనివాళ్ల క్లినిక్‌ల మీద దాడులు చేసి కేసులు పెట్టిస్తున్నారు. ఆరేళ్లు చదివిన మీరూ ఆ లెక్కలోకే వస్తారు, చట్టం తేడా చూడదు. 2022 డిసెంబరులో సీబీఐ దేశమంతా సోదాలు చేసింది, గుర్తుందా? స్క్రీనింగ్ పరీక్ష పాస్ కాకుండానే రాష్ట్ర కౌన్సిళ్లలో రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నారని 73 మంది విదేశీ గ్రాడ్యుయేట్ల మీద కేసు పెట్టింది. రేపు మీరు పాసయ్యేటప్పటికి మీ పేరు మీద ఒక ఎఫ్‌ఐఆర్ ఉంటే, ఇన్నేళ్ల కష్టం అక్కడ ఆగిపోతుంది.

అయినా చేరతానంటే ఆపడానికి నేనెవర్ని? కానీ అదే నర్సింగ్ హోమ్‌కు ఇంకోలా వెళ్లొచ్చు. రిజిస్టర్డ్ సీనియర్ పక్కన పగటిపూట నిలబడి చూడటానికి అవకాశం అడగండి. జీతం ఉండదు, మందు రాయకూడదు, పేషెంటుకు చేయి తగిలించకూడదు. మీకు దానివల్ల లాభం ఉంది. ఎఫ్‌ఎంజీఈలో ఇప్పుడు ప్రశ్నలు చాలావరకు ఒక రోగి కథలా వస్తున్నాయి, లేదంటే ఎక్స్‌రేనో ఈసీజీనో చూపించి అడుగుతున్నారు. బిష్కెక్‌లో పేషెంట్లు కిర్గిజ్, రష్యన్ మాట్లాడుతుంటే మీరు వార్డులో వెనక వరసలో నిలబడ్డానని రాశారు. ఆ లోటు పుస్తకంతో తీరదు. ఆయన దానికి ఒప్పుకోడు, నైటే కావాలంటాడు అంటే, మీ చదువుతో ఆయనకు పనిలేదనీ, తక్కువ జీతానికి దొరికే మనిషి కావాలనీ అర్థం.

"నాకెందుకు ఈ పరీక్ష" అన్న ప్రశ్నలో సగం న్యాయం ఉంది. బయట చదివినవాళ్లకు స్క్రీనింగ్ పరీక్ష 2002 నుంచి ఉంది. ఇక్కడ చదివినవాళ్లకు కూడా ఉమ్మడి పరీక్ష పెట్టాలని 2019 చట్టంలోనే రాశారు, దాని పేరు నెక్స్ట్. 2023 జులైలో మాక్ టెస్టుకు తేదీ కూడా ప్రకటించి వాయిదా వేశారు. అందరికీ ఒకే పరీక్ష ఉంటే మీ ఫ్రెండ్ కూడా మీ పక్క కుర్చీలో కూర్చుని రాసేది. ఈ ఫిర్యాదు సరైనదే, కానీ దాన్ని మోసుకుంటూ చదవలేరు. "ఇదే ఆఖరి ఎఫ్‌ఎంజీఈ, తర్వాత నెక్స్టే" అని కోచింగ్ వాళ్లు ప్రతి సీజన్‌లోనూ భయపెడతారు. ఆ మాట విని ఏ నిర్ణయమూ తీసుకోకండి, ఏ ఫీజూ కట్టకండి. డబ్బిస్తే పేపర్ ముందే వస్తుందని టెలిగ్రామ్‌లో మీ క్లాస్‌మేట్ పంపిన మెసేజ్ సంగతి వేరే చెప్పాలా? అది మోసం. ఒకవేళ నిజమైతే మీరు నేరంలో భాగస్వామి అవుతారు.

ఇప్పుడు మార్కులు చూద్దాం. 141 నుంచి 133కు పడిపోయానని, మెదడు మొద్దుబారిపోయిందని రాశారు. 300 ప్రశ్నల పేపర్‌లో ఎనిమిది మార్కులు పేపర్ తీరుబట్టి అటూఇటూ అవుతాయి. ఈ పరీక్షకు గీత ఎప్పుడూ 150 దగ్గరే, పేపర్ కష్టమైతే దాన్ని కిందికి దించరు. అందుకే పాస్ శాతం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. 2022 డిసెంబరు సెషన్‌లో నూటికి 32 మంది దాకా పాసయ్యారు, ఆ వెంటనే 2023 జూన్‌లో పది మంది చిల్లర. మామూలుగా ఐదుగురిలో ఒకరు గట్టెక్కుతారు. కన్సల్టెన్సీ బ్రోచర్లలో మంచు కొండల ఫొటోలుంటాయి కానీ ఈ అంకె ఉండదు. ఇంకొకటి, మీరు ఎంసెట్, నీట్ రాసిన అలవాటుతో దీన్నీ పోటీ పరీక్షలా చూస్తున్నారు. ఇందులో ఎవరినీ దాటాల్సిన పనిలేదు. పక్కవాడికి 240 వస్తే మీకు పోయేదేమీ లేదు.

కాగితం మీద ఒక లెక్క వేసి చూడండి. నెగెటివ్ మార్కులు లేవు, నాలుగు ఆప్షన్లు. ఖాయంగా తెలిసినవి వంద ఉంటే, మిగతా 200లో కళ్లు మూసుకుని పెట్టినా సగటున 50 తగులుతాయి. అంటే 150. ఇదే లెక్కను వెనక్కి తిప్పితే 133 వచ్చిన మనిషికి ఖాయంగా తెలిసినవి 77 అన్నమాట. ఇంకో 23 ప్రశ్నలు కావాలి. నిజం పరీక్షలో ఇంత శుభ్రంగా ఉండదు, సగం తెలిసి సగం తెలియనివే ఎక్కువ. కానీ మీరు అనుకుంటున్నట్టు మొత్తం 19 సబ్జెక్టులూ మళ్లీ మొదటి పేజీ నుంచి చదవాల్సిన స్థితిలో లేరని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ 23 ఎక్కడ దొరుకుతాయి? మీరు రాసిన టైమ్‌టేబుల్‌లో నాలుగు నెలలు మెడిసిన్, సర్జరీలకే ఇచ్చారు. వాటి వాటా పెద్దదే, కానీ సిలబస్ అంతులేనిది. పీఎస్‌ఎం, అంటే ప్రజారోగ్యం, 30 మార్కులు, గైనిక్ 30, కన్ను 15, ఈఎన్‌టీ 15, ఫోరెన్సిక్ 10. కలిపితే నూరు. మీరు ఇంట్లో రాసే గ్రాండ్ టెస్టుల్లో, అంటే నమూనా పేపర్లలో, పీఎస్‌ఎంలో 30కి తొమ్మిదో పదో వస్తున్నాయని మీరే రాశారు. అది తెలివి తక్కువై కాదు, అక్కడ మీకు ఎవరూ చెప్పలేదు. మన టీకాల పట్టిక, టీబీ కార్యక్రమం, మైదాన ప్రాంతాల్లో సబ్‌సెంటర్‌కు 5,000 జనాభా, పీహెచ్‌సీకి 30,000, ఆశా కార్యకర్త పనులు, ఇవన్నీ ఇక్కడి విద్యార్థి పల్లెల్లో పోస్టింగ్ చేస్తూ నేర్చుకుంటాడు. బిష్కెక్‌లో వీటి ఊసే ఉండదు. వీలైతే మీ ఊరి పీహెచ్‌సీకి వెళ్లి, టీకాల రోజున ఏఎన్‌ఎం పక్కన కూర్చోండి. ఏ టీకా ఎక్కడ, ఎన్ని వారాలకు అనేది ఒక్క పూటలో వచ్చేస్తుంది. ఫోరెన్సిక్‌కు మీరు సీనియర్ల దగ్గర తెచ్చుకున్న పాత నోట్సు వాడుతున్నట్టున్నారు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, సెక్షన్ నంబర్లన్నీ మారాయి. గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించి కొన్ని వర్గాలకు 24 వారాల వరకు అనుమతించారు. ఆ నోట్సులో 20 దగ్గరే ఆగి ఉంటే చదివి మరీ తప్పు పెడతారు. ఢిల్లీ గౌతమ్ నగర్‌లో రూమ్ తీసుకుని క్రాష్ కోర్సు చేయాలా అని అడిగారు. మీ ఇంటి పరిస్థితిలో ఆ ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందని నాకు అనిపించడం లేదు. వీడియోలు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. తక్కువైంది గడియారం పెట్టుకుని పూర్తి పేపర్ రాయడం, రాసింది కూర్చుని దిద్దుకోవడం.

కాబట్టి మళ్లీ రాయాలా అంటే, ఎలా రాస్తారన్నదే అసలు ప్రశ్న. పూర్తిగా ఇంట్లో కూర్చుని వచ్చే సెషన్‌కు రాయొచ్చు. సమయం బాగా దొరుకుతుంది, కానీ ఆ గది, ఆ గేటు, ఆ షుగర్ రిపోర్టులు అన్నీ అక్కడే ఉంటాయి. రెండోది, హైదరాబాద్‌లో చట్టబద్ధమైన ఏదైనా ఉద్యోగంలో చేరి ఒక సెషన్ వదిలి ఆ తర్వాతది రాయడం. మెడికల్ కోడింగ్, ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను గమనించే పని), క్లినికల్ రీసెర్చ్ సంస్థలు అక్కడ చాలా ఉన్నాయి. మొదట్లో బీఫార్మసీ వాళ్లతో సమానంగా కూర్చోవాలి, జీతం కూడా అంతే. మనసు చివుక్కుమనొచ్చు. కానీ నెల తిరిగేసరికి నాన్న చేతిలో కొంత పెట్టగలిగితే మీ చదువు మీద ఒత్తిడి సగం తగ్గుతుందని నా నమ్మకం. చదువుకు రోజుకు మూడు గంటలకు మించి దొరకవు, ఆ నష్టం మాత్రం నిజం. మీరు 2021 నవంబరు కన్నా ముందు చేరారు కాబట్టి విదేశీ వైద్య విద్యకు పెట్టిన కొత్త నిబంధనల్లోని, చేరిన పదేళ్లలోపు అన్నీ పూర్తి చేయాలన్న గడువు మీకు వర్తించదు. ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి కూడా లేదు. అదే ప్రమాదం కూడా. పరిమితి లేదు కాబట్టి 32 ఏళ్లొచ్చినా "ఈసారి చూద్దాం" అంటూ ఉండిపోయేవాళ్లున్నారు. మీ పరిమితి మీరే పెట్టుకుని కాగితం మీద రాసి నాన్నకు ఇవ్వండి. రెండుసార్లా, మూడుసార్లా అనేది మీ ఇష్టం.

వదిలేయడం కూడా దారే, దాన్ని ఓటమిగా చూడకండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రజారోగ్యంలో మాస్టర్స్ ఉంది, నిమ్స్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ కోర్సు ఉంది. మీ డిగ్రీని ఏ కోర్సుకు ఎలా లెక్కిస్తారో దరఖాస్తుకు ముందే అడిగి రాతలో తీసుకోండి. యూకే వెళ్లి అక్కడి డాక్టర్ రిజిస్ట్రేషన్‌కు పెట్టే ప్లాబ్ పరీక్ష రాద్దామని మీ సీనియర్ అన్న మాట మీద నాకు అంత ఆశ లేదు. మొదటి భాగం ఇండియాలో రాయొచ్చు, రెండోది మాంచెస్టర్‌లో. పరీక్ష ఫీజులు, వీసా, ప్రయాణం అన్నీ పౌండ్లలో. ఇంటర్న్‌షిప్ లేకుండా అక్కడ పూర్తి రిజిస్ట్రేషన్ కష్టం. పాసైనవాళ్లు కూడా ఉద్యోగాలకు నెలల తరబడి ఎదురు చూస్తున్నారు. మళ్లీ అప్పు చేసి వెళ్లాల్సిన దారి కాదది.

మీ ఇంట్లో ఎవరికీ తెలియని ఇంకో విషయం ఉంది. పరీక్ష పాసైన మర్నాడే మీరు డాక్టర్ కారు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్, ఆ తర్వాతే శాశ్వత రిజిస్ట్రేషన్. ఇంటర్న్‌షిప్ మామూలుగా ఏడాది. కానీ మీలా ఆన్‌లైన్‌లో చదివినవాళ్లు ఆ కాలాన్ని తిరిగి యూనివర్సిటీలో నేరుగా హాజరై పూర్తి చేసినట్టు చూపించలేకపోతే, ఏ సంవత్సరం పోయిందన్నదాన్నిబట్టి కొందరికి రెండేళ్లు, మూడేళ్లు అన్నారు. దీని మీదే 2025లో విజయవాడలో విదేశీ గ్రాడ్యుయేట్లు రోజుల తరబడి ధర్నా చేశారు. మీ చేతిలో ఆ సర్టిఫికెట్ ఉందా? లేకపోతే ఇప్పుడే యూనివర్సిటీకి రాయండి, జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు. స్టైపెండ్ కూడా అన్నిచోట్లా సరిగా అందడం లేదు. నాన్న మాత్రం పరీక్ష పాస్ కాగానే జీతం వస్తుందనుకుంటున్నారు. రిటైర్మెంట్ లెక్క దానిమీదే వేసుకున్నారు. ఆయన్ను కూర్చోబెట్టి ఈ వరస చెప్పండి. ఆయనకు చెప్పాల్సింది మార్కుల కంటే ముందు ఇదే.

అప్పు సంగతికి వస్తే, ఈఎంఐ తప్పక ముందే ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లండి. తప్పాక వెళ్తే మాట వినే తీరు మారిపోతుంది. ఎడ్యుకేషన్ లోన్లకు 15 ఏళ్ల వరకు తిరిగి కట్టే వీలున్న పథకాలున్నాయి. గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. మొత్తం మీద వడ్డీ ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ ఇల్లు తాకట్టులో ఉన్నప్పుడు నెల నెలా ఊపిరాడటం ముఖ్యం. రిటైర్మెంట్ డబ్బు మొత్తం ఒకేసారి లోన్‌లో వేసేయడానికి నాన్నను తొందరపడనివ్వకండి.

పెళ్లి విషయంలో అమ్మ భయం నాకు అర్థమవుతోంది. సంబంధం చేజారుతుందని ఆవిడ బాధ. చెప్పకుండా తాంబూలాలు పుచ్చుకుంటే ఏమవుతుందో కూడా ఊహించండి. పెళ్లయిన మూడో నెలలో అత్తగారు "ఏ హాస్పిటల్‌లో చేరతావమ్మా" అని అడుగుతారు. అప్పుడు పరీక్ష తప్పిన సంగతి చిన్నదైపోతుంది, దాచారన్నదే మిగులుతుంది. మధ్యవర్తి చేత చెప్పించొద్దు, అతని నోట్లో అది ఇంకోలా తయారవుతుంది. అబ్బాయితో మీరే ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి. "డిగ్రీ ఉంది, ఇండియాలో లైసెన్స్ ఇంకా రాలేదు, ఇన్నిసార్లు రాశాను, ఇంకా ఇన్నిసార్లు రాయాలనుకుంటున్నాను, పాసయ్యాక ఇంటర్న్‌షిప్ ఉంటుంది" అని చెబితే చాలు. ఏడవాల్సిన పనిలేదు, క్షమాపణ అడగాల్సిన పనీ లేదు. వాళ్లు వద్దనుకోవచ్చు. ఊళ్లో పదిమందికీ తెలియొచ్చు కూడా, అది జరగదని నేను మాటివ్వలేను. అబ్బాయి సరే అంటే మాత్రం పెళ్లయ్యాక చదువుకు, బెంగళూరు నుంచి వచ్చి ఇంటర్న్‌షిప్ చేయడానికి అతను ఏమంటాడో అదే ఫోన్‌లో అడిగేయండి. మీరు అసలు ఇప్పుడు పెళ్లి కోరుకుంటున్నారా లేదా అనేది ఇంత పెద్ద ఉత్తరంలో ఎక్కడా లేదు. పరీక్ష నుంచి తప్పించుకునే దారిగా దీన్ని చూస్తుంటే కొంచెం ఆగండి.

బోర్డు తీసేయమని తాతయ్యతో గొడవ పడొద్దు, గేటు పక్కన ఓ బోర్డు ఉన్నంత మాత్రాన ఏమీ కాదని నేనూ అనుకునేదాన్నే. కానీ జనం రిపోర్టులు పట్టుకుని వస్తున్నారంటే అది బోర్డు పని చేస్తున్నట్టే. లైసెన్స్ వచ్చేదాకా లోపల పెట్టిద్దామని ఆయనకే చెప్పి చూడండి. వచ్చినవాళ్లకు ఏ మందూ చెప్పకండి, డోసు మార్చమని కూడా అనకండి. "ప్రభుత్వాసుపత్రిలో చూపించండి" అన్న ఒక్క మాటకు ఏ చట్టమూ అడ్డు రాదు.

ఇక బాబాయి. నాన్న చెప్పమన్నట్టు బాగుందనీ చెప్పొద్దు, కోపంలో వద్దనీ చెప్పొద్దు. మీ తమ్ముడు చేరేది 2021 నిబంధనల కింద, మీకన్నా కఠినమైనవి. కోర్సు కనీసం 54 నెలలుండాలి, ఇంగ్లిష్ మీడియంలోనే ఉండాలి, ఆ తర్వాత అదే యూనివర్సిటీలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీసు చేసే లైసెన్స్ రావాలి, చేరిన పదేళ్లలోపు అన్నీ పూర్తి కావాలి. వచ్చాక ఇక్కడ ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ ఒక్కో దానికీ కన్సల్టెన్సీ చేత కాకుండా యూనివర్సిటీ చేత రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నాకే అడ్వాన్స్ కట్టమని బాబాయికి చెప్పండి. ఆ తర్వాత మీరు మూడుసార్లు రాసిన పరీక్షల మార్కుల మెమోలు ఆయనకు చూపించాలా వద్దా అనేది మీరే తేల్చుకోండి. నేనైతే చూపిస్తాను.